పలచని గ్లాసు

మూడు గ్లాసులూ వచ్చేశాయి. గోడలోని చిన్న తలుపు పైకి లేచింది, ట్రే ఇవతలికి జరిగింది, ఒక చెయ్యి, ఆ చేతికి మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద గడియారం, అంతే కనిపించింది, తలుపు మళ్ళీ పడింది. ఇక నేనూ, ఎర్రటి వెలుతురూ, మూడు గ్లాసులూ. ఎర్ర బల్బు ఎందుకంటే రంగు చూసి పోల్చుకోకూడదని. ఈ వెలుతురులో బీరు బీరులా ఉండదు, నా చేతులు నా చేతుల్లా ఉండవు, ముడతలన్నీ పోయి, ముప్పయ్యేళ్ళ మనిషెవరో తన చేతుల్ని ఈ బల్ల మీద మరిచిపోయి వెళ్ళినట్టు ఉంటుంది. మూడింట్లో రెండు ఒకటే, ఒకటి వేరు. ఆ వేరేది ఏదో రుచి చూసి చెప్పాలి. తెలియకపోయినా ఏదో ఒకటి రాసి తీరాలి, ఖాళీ కాగితం ఇవ్వకూడదు. ఆరేళ్ళుగా ప్రతి గురువారం పొద్దున పది గంటలకి ఈ బీరు ఫ్యాక్టరీ వెనక గదిలో నేను చేస్తున్న పని ఇదే. మా వీధిలో ఎవరికీ చెప్పలేదు. డెబ్బై దాటిన ముసలిది తలకి నూనె రాసుకోకుండా, ఒంటికి సబ్బు వాసన లేకుండా, కాఫీ కూడా తాగకుండా పొద్దున్నే బయల్దేరి వెళ్ళి బీరు తాగి వస్తుందంటే ఏమనుకుంటారు. తాగడం కాదు, రుచి చూడటం అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఒక్క గుక్క. నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాలి, ఉమ్మకూడదు, చేదు నాలుక వెనకాల దాక్కుంటుంది, మింగితే గానీ బయటపడదు అని మొదటి వారమే నేర్పారు. ఎడమ నుంచి మొదలుపెట్టాలి. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య మంచినీళ్ళు, ఉప్పూ తీపీ లేని రొట్టె ముక్క. తొందర లేదు, కానీ బీరు వేడెక్కకూడదు. నా కంగారంతా ఎప్పుడూ ఆ రెండు మాటల మధ్యే.

గోడ అవతల అక్క దగ్గింది. మా ఇద్దరి అరల మధ్య ఉన్నదాన్ని గోడ అనడానికి లేదు, పలచటి చెక్క, అవతలి మనిషి నీళ్ళు మింగితే ఇవతల వినిపిస్తుంది. అక్క అంటే నాతో పుట్టింది కాదు, తోడికోడలు. ఆవిడ అన్నగారిని చేసుకుంది, నేను తమ్ముణ్ణి. ముప్పై రెండేళ్ళు ఒకే వంటగదిలో ఒకే పొయ్యి దగ్గర పోట్లాడుకున్నాం. అన్నదమ్ములిద్దరూ ఏడాది తేడాలో వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆవిడ కొడుకు వచ్చి తల్లిని ఊరి ఆ చివరికి తీసుకెళ్ళాడు. మంచివాడు, అదే చిక్కు. చెడ్డవాడైతే ఆవిడ ఎదిరించి బస్సెక్కేది. “మోకాళ్ళు నొప్పులంటావు, రెండు బస్సులు మారి ఎందుకమ్మా తిరుగుడు, పిన్నితో మాట్లాడాలంటే ఫోన్ కలిపిస్తాగా” అంటాడు, కలిపిస్తాడు కూడా. ఫోన్లో అక్క ఎదురింటివాళ్ళకి వినిపించేలా బాగున్నావా తిన్నావా అని అరిచి, నేను జవాబు చెప్పేలోపు సరే పెట్టేస్తున్నా అని పెట్టేస్తుంది. ఫోన్లో పక్కపక్కన కూర్చోవడం కుదరదు. పనికి వెళ్ళే మనిషిని మాత్రం ఎవరూ ఆపరు, ఎనభైకి దగ్గరపడిన మనిషినైనా సరే. అందుకే పేపర్లో ఆ ప్రకటన చూడగానే, నాలుక చురుగ్గా ఉన్న పెద్దవాళ్ళు కావాలి అని అందులో ఉంది, ఆవిడ పేరు కూడా నేనే రాసి పంపాను. నా చదువు ఆవిడకి చేసిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే. కొడుక్కి ఏం చెప్పావక్కా అని అడిగితే, “నీళ్ళు పరీక్ష చేసే కంపెనీ అని చెప్పానే” అంది. అబద్ధం కదా అన్నాను. “ఏం అబద్ధం? నూటికి తొంభై పాళ్ళు నీళ్ళేగా. ఇప్పుడీ తేలిక రకం వచ్చాక తొంభై అయిదు. నేను రోజురోజుకీ నిజానికి దగ్గరవుతున్నా” అంది. ఆ రోజు బస్సులో నవ్వి నవ్వి దిగాల్సిన చోట దిగలేదు. కానీ ఇక్కడో నియమం ఉంది. వరసగా మూడు వారాలు తప్పు చెప్పినవాళ్ళ పేరు కొట్టేస్తారు. అక్క పోయిన వారం తప్పు చెప్పింది, అంతకు ముందు వారమూ చెప్పింది. ఇవాళ కూడా తప్పితే ఇక గురువారం ఉండదు. వారంలో మిగతా ఆరు రోజులూ ఉంటాయి, వాటితో నాకేం పని.

మొదటి గ్లాసు. ముందు వాసన. నానిన గింజలు, తడి గోనె, కొద్దిగా మాడిన రొట్టె అంచు. నోట్లో పోసుకోగానే చల్లదనం, దాని వెనక తీపి లాంటిదేదో, అది కుదురుకునే లోపే చేదు వచ్చి దాన్ని నెట్టి కూర్చుంటుంది. ఇది మామూలు బీరు, ఇంటినిండా మనుషులున్న మధ్యాహ్నంలా నిండుగా ఉంది. ఈ వాసన నాకు నాలుక కంటే ముందు తెలుసు. ఇరవై ఏళ్ళు సీసాలు కడిగే షెడ్డులో పనిచేశాను, పెళ్ళికి ముందు కొంత, తర్వాత కొంత. వాడేసిన సీసాలు గోనె సంచుల్లో వచ్చేవి, అడుగున మిగిలిన చుక్కలు ఎండి పులిసి, షెడ్డంతా ఈ వాసనే, జడలో ఇదే, కట్టుకున్న బట్టలో ఇదే. అంతకాలం పీల్చాను గానీ ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. పీల్చినదాని రుచి ఏమిటో ఇప్పుడు చూస్తున్నాను. నాకు అక్షరాలు కూడా అక్కడే వచ్చాయి. వేడినీళ్ళ తొట్టెలో సీసాలు నానేస్తే కాసేపటికి వాటిమీది కాగితాలు ఊడి పైకి తేలేవి. ఒకటి తీసి ఎదురుగా గోడకి అంటించేదాన్ని. చేతులు సీసాల మీద, కళ్ళు గోడ మీద. తడి ఉన్నంతసేపే కాగితం గోడని పట్టుకుని ఉంటుంది, ఆరితే రాలిపోతుంది, రాలేలోపు నేర్చుకోవాలి. నాకు చదువు చెప్పినవాళ్ళు అలా ఒక్కొక్కరే గోడమీంచి రాలిపోయారు. మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాటలు, చల్లని చోట ఉంచండి. ఆ రోజంతా ఆ మూడు మాటలే అనుకుంటూ తిరిగాను, ఎవరో నా గురించే చెప్పి పంపినట్టు. తర్వాత చదివినవి ఎన్నో, పొట్లాల కాగితాలు, మందుల సీసాలు, అద్దె పుస్తకాల కొట్లో వెనక పేజీలు చిరిగిపోయిన నవలలు, వాటి ముగింపులు నాకు ఇప్పటికీ తెలియవు, తెలియనందుకు ఆ మనుషులంతా ఇంకా కలిసే ఉన్నారు అనుకుంటాను.

నీళ్ళు. రొట్టె. అవతల అక్క కూడా నీళ్ళు తాగుతోంది, గుటక వినిపించింది. పొద్దున బస్సులో ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏమైందక్కా అంటే తల అడ్డంగా ఊపింది. నాకు అర్థమైంది, భయపడుతోంది, నా దగ్గర దాస్తోంది. మాటలు ఆపేసిన మనుషులంటే నాకు హడలు. మా అమ్మ కూడా ఆఖరి రోజున మాట్లాడలేదు.

మా ఇంట్లో పాలు పలచగా ఉండేవి. అరశేరు పాలు అయిదుగురికి, అమ్మ నీళ్ళు కలిపేది. ఎన్ని గరిటెలు కలిపిందో నేను తాగి చెప్పేదాన్ని, నాలుగు, ఇవాళ ఆరు, ఇవాళ నాలుగున్నర. “దీని నాలుకకి తూనిక ఉందే” అని అమ్మ నవ్వేది, ఇంటికి ఎవరైనా వస్తే నాచేత చెప్పించేది, చెప్పించిన తర్వాత సిగ్గుపడేది. నాన్న పనిలేక తిరిగే రోజుల్లో ఎనిమిది గరిటెలు కూడా పడేవి, పాలు నీలంగా కనిపించేవి, గ్లాసులోంచి వేలు కనిపించేది, అయినా అందరం ఉన్నాం. ఒకరోజు పొద్దున్నే అమ్మ నాకొక్కదానికే గ్లాసు ఇచ్చింది. తాగాను. ఒక్క గరిటె కూడా లేదు. చిక్కటి పాలు, పెదవుల మీద మీగడ అంటుకుంది. ఇవాళ సున్నా అమ్మా అన్నాను సంతోషంగా. అమ్మ నా మూతి తుడిచింది. ఆ మధ్యాహ్నం నన్ను పెద్దమ్మ ఇంటి గుమ్మంలో కూర్చోబెట్టి వెళ్ళింది, పని దొరికిన చోటికి, మళ్ళీ రాలేదు. నాకు ఆరేళ్ళు. అప్పటినుంచి ఎవరైనా నాకు అన్నీ నిండుగా పెడితే గుండె దడదడలాడుతుంది, ఎక్కడికో బయల్దేరుతున్నారేమోనని. పెళ్ళయిన కొత్తలో అక్క నాకు కూర ఎక్కువ వడ్డిస్తే తినకుండా ఆవిడ మొహం చూసేదాన్ని. “ఏమే, విషం పెట్టాననుకుంటున్నావా? ఉప్పు తక్కువైందా? చెప్పి చావు” అనేది. ఉప్పు ఎంత ఉందో చెప్పేదాన్ని. అప్పటినుంచీ నేను చూశాకే గిన్నె పొయ్యి మీంచి దిగేది.

రెండో గ్లాసు. నురగ తొందరగా దిగిపోయింది, చెవి దగ్గర పెట్టుకుంటే బుడగల చప్పుడు తుంపరలా ఉంది. వాసన అదే, కాకపోతే పక్కగదిలోంచి వస్తున్నట్టు. గుక్క తీసుకున్నాను. చల్లదనం వచ్చింది, తీపి రావాల్సిన చోట కాస్త ఆగాను, రాలేదు, అది వచ్చి వెళ్ళిన జాడ మాత్రం ఉంది, ఉతికిన బట్టలో పాత మరక ఉన్నట్టు. చేదు వచ్చింది కానీ ఎవర్నీ నెట్టలేదు, నెట్టడానికి అక్కడెవరూ లేరు, మర్యాదగా ఓ పక్కన కూర్చుంది. ఇదే. తేలిక రకం. కేలరీలు తక్కువ, మత్తు తక్కువ. ఇప్పుడు తినేవాటిలో తాగేవాటిలో తక్కువ ఉండటమే గొప్ప, అమ్మ ఈ రోజుల్లో ఉంటే మా పాలకి పేరొచ్చేది. మత్తు ఎలా తీస్తారో నేను పుస్తకంలో చదివాను, సన్నటి వేడి మీద దాన్ని ఆవిరిగా పంపించేస్తారట, మిగిలినదాన్ని చల్లార్చి మళ్ళీ బుడగలు ఎక్కిస్తారట. తీసేశారని తాగేవాడికి తెలియకూడదు, అదే వీళ్ళ తాపత్రయం. మేం పోల్చుకోలేకపోతే వీళ్ళు గెలిచినట్టు. ఆరేళ్ళుగా వీళ్ళు ఎన్ని విధాలుగా దాచినా నేను ఒక్కసారి కూడా తప్పలేదు. ఉన్నది ఏమిటో చెప్పమంటే నాకు రాదు, ఆ పూల వాసన, ఈ పండు వాసన అని మిగతావాళ్ళు రాస్తారు, లేనిది ఏదో మాత్రం నాకు చటుక్కున తెలుస్తుంది. గదిలోకి వెళ్ళగానే ఎవరు లేరో తెలిసినట్టు.

మా ఆయన నా చేతికి కళ్ళజోడు ఇచ్చారు. ఆస్పత్రిలో చక్రాల మంచం తోసుకుంటూ స్కానింగ్ ఫోటో తీయడానికి లోపలికి తీసుకెళ్తున్నారు, ఇనుము ఏదీ ఉండకూడదన్నారు, ఆయన కళ్ళజోడు తీసి, జాగ్రత్త, కాడ వదులుగా ఉంది అన్నారు. కాడ వదులుగా ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో చివరి మాట అది. నేను కాడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత చాలా రోజులకి పెట్టుకుని చూస్తే అక్షరాలు స్పష్టంగా కనిపించాయి, ఆయన కళ్ళూ నా కళ్ళూ ఒకేలా చెడిపోయాయన్నమాట, ఇన్నేళ్ళూ తెలియదు. ఇప్పటికీ వాటితోనే చదువుతాను. ఈ ఎర్రటి గదిలో మాత్రం తీసి చేతిసంచిలో పెడతాను, ఇక్కడ చదవడానికేం ఉంది. ఇంకో గుక్క తీసుకున్నాను, అవసరం లేకపోయినా. ఈ పలచని దానిలో ఒక సుఖం ఉంది. ఇది నాకేమీ మాట ఇవ్వదు. తేలిగ్గా వస్తుంది, తల తిప్పదు, నా ఒళ్ళు కొంచెం బల్లకి పైన తేలుతున్నట్టుంది, అది మత్తు కాదు, ఇందులో అంత లేదు, పొద్దున్నుంచీ కాఫీ లేకపోవడం. ఎర్రటి వెలుతురు నీళ్ళలా ఉంది. నేను తొట్టెలో నానుతున్న సీసాని, ఇంకాసేపట్లో నా మీది కాగితం ఊడి పైకి తేలుతుంది, ఎవరైనా దాన్ని తీసి గోడకి అంటించి చదువుతారు.

అక్క మళ్ళీ దగ్గింది. ఉలిక్కిపడ్డాను. బీరు వేడెక్కిపోతోంది. మూడో గ్లాసు గబగబా చూశాను, నిండుగా ఉంది, మొదటిదే. సందేహం లేదు, నడిమిదే వేరు. కాగితం మీద నడిమి గ్లాసు అంకె చుట్టూ సున్నా చుట్టాను. అవతల పెన్సిలు చప్పుడు లేదు. అక్క ఇంకా తేల్చుకోలేదు. ఆవిడ తేల్చుకోలేదు, తప్పు రాస్తుంది, ఆ గడియారం అమ్మాయి వచ్చి మర్యాదగా చెబుతుంది, అమ్మా ఇక మీరు రానక్కర్లేదు అని, కొడుకు హమ్మయ్య అనుకుంటాడు, ఫోన్ కలిపిస్తాడు. కొడుకు ఆవిణ్ణి తీసుకెళ్తుంటే మేం వంటగది సామాను పంచుకున్న రోజు గుర్తొచ్చింది. గిన్నెలు ఎవరివి ఎవరివో తెలియక కంగారులో కట్టేశాం, మూతలన్నీ ఆవిడతో వెళ్ళిపోయాయి, గిన్నెలు నా దగ్గర మిగిలాయి. నా గిన్నెల మీద ఇప్పటికీ పళ్ళేలే మూత. తెచ్చిస్తానే అని ప్రతి గురువారం అంటుంది, తేదు. తెచ్చిచ్చేస్తే ఇంక ఇవ్వాల్సిందేమీ ఉండదని నేను కూడా గట్టిగా అడగను. నా చెయ్యి లేచింది. నేను లేపలేదు, ఈ వెలుతురులో ఉన్న ఆ ముప్పయ్యేళ్ళ చెయ్యి లేచింది. వేలి ఎముకతో చెక్క మీద కొట్టాను. ఒకటి. రెండు. రెండో గ్లాసు అక్కా, నడిమిది. అవతల దగ్గు ఆగిపోయింది. తర్వాత పెన్సిలు గీసుకున్న చప్పుడు, ఒకసారి, కాసేపాగి ఇంకోసారి. నా గుండె పిల్లిలా మెత్తగా కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఒకరు వెళ్ళిపోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

బయట నడవాలో మామూలు తెల్లటి వెలుతురు, మామూలు ముసలి చేతులు. బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. గడియారం, ఆ అమ్మాయికి మేం పెట్టిన పేరు అదే, గుక్క గుక్కకీ సమయం చూస్తుంది, కాగితాలు పట్టుకుని వచ్చింది. నావైపు చూసి, మీది సరిపోయిందమ్మా అంది. అక్క వైపు తిరిగి ఆగింది.

“చెప్పు తల్లీ, నా గుండేం ఆగిపోదులే,” అంది అక్క. మాటల్లోంచి ఎక్కడో గాలి పోయింది, తల్లీ అన్న మాట సగం ఈలలా వచ్చింది.

“మీది ఈసారి కూడా తప్పిందమ్మా. నాకూ బాధగానే ఉంది. కూర్చోండి, రిజిస్టరు తెస్తాను, ఒక సంతకం పెట్టాలి,” అని లోపలికి వెళ్ళింది.

నేను అక్కని చూశాను. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. “అక్కా, నీ పళ్ళేవీ?”

“పర్సులో. ఏం, నీక్కావాలా?” అంది. తర్వాత మెల్లగా చెప్పింది. “కొత్త పళ్ళ సెట్టు అంగిలంతా కప్పేస్తోందే. రెండు వారాలూ బీరు కాదు, ప్లాస్టిక్కు రుచి చూశాను. అందుకే ఇవాళ ఇంటి దగ్గరే తీసేశా. బస్సులో మాట్లాడితే ఈలలొస్తాయి, నువ్వు నవ్వుతావు, నువ్వు నవ్వితే బస్సంతా మనల్నే చూస్తుంది.”

“మరి తీసేసినా తెలియలేదా?”

“ఎందుకు తెలియదు? శుభ్రంగా తెలిసింది. మొదటి గ్లాసు. నోట్లో పోసుకోగానే, మనిషి లేచి వెళ్ళిన కుర్చీలా ఉంది. దాని చుట్టూ సున్నా కూడా ఎప్పుడో చుట్టేశాను. ఆ తర్వాత నువ్వు కొట్టావుగా రెండుసార్లు. అది దిద్దేసి రెండోది అని పెట్టా.”

“ఎందుకు దిద్దావక్కా?”

“భలేదానివే! నువ్వు కొట్టాక నేనెందుకు ఆలోచిస్తాను? ముప్పై రెండేళ్ళు నువ్వు ఉప్పు చూడందే గిన్నె దించలేదు నేను.”

మొదటిది. ఆవిడకి మొదటిది, నాకు నడిమిది. ఇద్దరివీ నిజమే. ఎవరి ట్రే వరస వారిదే, పక్కవారితో పోల్చుకోవద్దు. ఆ వాక్యం ఈ తలుపు మీదే అంటించి ఉంది, ఆరేళ్ళుగా ప్రతి గురువారం లోపలికి వెళ్తూ చదువుతున్నాను, కంటపడిన ప్రతి కాగితం చదివే రోగం నాకు, చదివాను గానీ వినలేదు. ఆవిడ సరిగ్గా చెప్పింది. నేను గోడ కొట్టి తప్పు చేయించాను. ఇన్నేళ్ళూ నన్ను వదిలి వెళ్ళినవాళ్ళ లెక్క చెప్పుకుంటూ బతికాను, ఇవాళ పోనక్కర్లేని మనిషిని నేనే పట్టుకుని గెంటాను, అదీ చెయ్యి పట్టుకుని ఆపుతున్నాననుకుంటూ. బెంచీ మీంచి లేచాను. అక్క నా చెయ్యి లాగింది. “కూర్చోవే. నోరు మూసుకుని కూర్చో. చెబితే నీ పేరు కూడా పోతుంది, అప్పుడు ఇద్దరం ఇంట్లోనే. నీకైనా ఉండనీ,” అంది ఈలలు వేస్తూ.

నాకైనా ఉండటం అంటే ఏమిటో నాకు ఒక్కసారిగా కనిపించింది. ఎర్రటి గదిలో నేను, మూడు గ్లాసులు, పక్క అరలో ఎవరో కొత్త మనిషి నీళ్ళు మింగుతున్న చప్పుడు. ఎప్పుడూ తప్పని నాలుక. సీసాలు కడిగినదాన్ని పట్టుకుని అమ్మగారూ మీరు చెప్పండి అని కుర్చీ వేసి అడిగిన చోటు ఇదొక్కటే, ఇందులోంచి లేచి వెళ్ళడం తేలిక కాదు, అయినా. అక్క బస్సెక్కాలంటే ఆవిడకి పని ఉండాలి. నాకు అక్కర్లేదు. నన్ను ఎక్కడికి అని అడిగేవాళ్ళు లేరు. ఒంటరితనం ఒక సదుపాయం కూడా అని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గడియారం రిజిస్టరుతో వచ్చింది. “అమ్మాయ్, గోడ కొట్టింది నేను,” అన్నాను. “ఆవిడ అడగలేదు. మొదటి గ్లాసని సరిగ్గానే రాసింది, కాగితం మీద దిద్దిన గుర్తు చూడు. నేను కొడితే మార్చింది.” ఆ అమ్మాయి కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూసింది, చాలాసేపు చూసింది. చెరిపిన సున్నా వెలుతురుకి కనిపించే ఉంటుంది. నొచ్చుకున్న మొహంతో, “మీరేనా అమ్మా? మీరు చేస్తారనుకోలేదు,” అంది. ఆ మాట తిట్టులా తగల్లేదు, చేత్తో తడిమి చూసినట్టు తగిలింది. “గోడ కొట్టినవాళ్ళని ఉంచడానికి లేదు. ఆవిడకి మాత్రం ఇంకో ట్రే ఇస్తాను, వరస మార్చి. ఈసారి తప్పితే నేనేం చేయలేను.” రిజిస్టరులో ఎక్కడ సంతకం పెట్టాలో చూపించింది. కళ్ళజోడు పెట్టుకుని పెట్టాను. అక్క నన్ను మింగేసేలా చూసి, “ఇంటికి పద, నీ సంగతి చెబుతా,” అని లోపలికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పర్సు నా ఒళ్ళో పడేసింది. లోపల పళ్ళు గలగలమన్నాయి.

నేను బెంచీ మీద కూర్చున్నాను. తలుపు కింది సందులోంచి ఎర్రటి వెలుతురు సన్నగీతలా నేల మీద పడింది. దగ్గు వినిపించింది. నీళ్ళు మింగిన చప్పుడు ఇక్కడికి రాదు. ఇప్పుడు మొదటిది, ఇప్పుడు రెండోది అనుకుంటున్నాను, నా నోట్లో ఏమీ లేకపోయినా నా నాలుక కదులుతోంది. కొట్టడానికి గోడ లేదు. చేతులు రెండూ పర్సు మీద పెట్టుకుని, ఆవిడకి ఆవిడే తెలుసుకుంటుందని, తెలుసుకోగలదని నమ్ముతూ కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. నేను మనుషుల్ని పట్టుకున్నానే గానీ నమ్మలేదేమో. ఎంతసేపైందో, సమయం చూడటానికి నా చేతికి గడియారం లేదు.

తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది, వెనకే గడియారం, నవ్వుతూ. “మూడోది,” అంది అక్క చెయ్యి చాపుతూ, “నా పళ్ళిటివ్వు. ఈసారి ఎవరూ గోడలు బద్దలుకొట్టలేదుగా, హాయిగా తెలిసింది.”

దారిలో ఆవిడ నన్ను తిట్టింది. పళ్ళు పెట్టుకుంది కాబట్టి తిట్లు గట్టిగా, ఎక్కడా గాలి పోకుండా వచ్చాయి. నీ తొందరకి నిప్పంటుకోనూ అంది, నా మీద నీకు నమ్మకమే లేదు అంది, పెళ్ళయినప్పటినుంచీ ఇంతే అంది. బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చి, “వచ్చే గురువారం నేనొక్కదాన్నే కూర్చోవాలా ఈ డొక్కు బస్సులో?” అంది.

“నేనూ వస్తా. లోపలికి రాను, అంతే. బెంచీ మీద పుస్తకం చదువుకుంటా.”

“అంతసేపా?”

“నువ్వు అంత నెమ్మదా?”

“నోరు లేస్తోందే నీకు. సరే రా. కానీ పైకి చదవకు, నువ్వు తుమ్మినా నాకు తప్పొస్తుంది.” తర్వాత మోకాలు రుద్దుకుంటూ కొడుక్కి ఏం కూర వండాలో, కోడలు ఏం అందో, పక్కింటావిడ దానికి ఏం అందో మొదలుపెట్టింది, నేను మధ్యలో ఆపి అది కాదు అక్కా అన్నాను, అదే అంది, కాదన్నాను, వాదించుకున్నాం. మా వీధి మలుపు దగ్గర పడుతుండగా ఎందుకో నాలుకతో నోరు తడుముకుని చూశాను. ఆ పలచటి చేదు లేదు. ఏ బస్టాపు దగ్గర దిగిపోయిందో నేను చూసుకోలేదు.